పుప్పొడి చెప్పేది ఇంటిపేరే!

ఆ మధ్య ఒక సైన్సు ప్రదర్శన చూడబోయాను. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు అట్టమీద ఆరు బొమ్మలు ముచ్చటగా గీసి నిలబెట్టుకున్నాడు. పైన పెద్ద అక్షరాలతో "పుప్పొడి - మొక్కల వేలిముద్ర" అని రాసి వుంది. కింద మందార, మొక్కజొన్న, వయ్యారిభామ, ఆవ, ముల్లంగి, క్యాబేజీ. ఒక్కొక్క రేణువు బొమ్మ కింద ఒక్కొక్క పేరు.

"బాబూ, ఈ పేర్లు నా చేత్తో మూసేస్తాను. ఏది ఏదో చెబుతావా?" అని అడిగాను.

ముళ్లబంతిలా వున్నది మందార అన్నాడు. నున్నగా, ఒకే ఒక రంధ్రంతో వున్నది మొక్కజొన్న అన్నాడు. చిట్టి ముళ్లది వయ్యారిభామ అన్నాడు. అంతవరకు బాగానే వుంది. నాలుగో బొమ్మ దగ్గర ఆగిపోయాడు. అయిదో దానివైపు చూశాడు. ఆరో దానివైపు చూశాడు. చివరికి ముఖం చిన్నబుచ్చుకుని, "ఆ మూడూ ఒకేలా వున్నాయి సార్" అన్నాడు.

ఆ అట్ట మొత్తంమీద నాకు బాగా నచ్చినది ఆ మాటే. ఆవ, ముల్లంగి, క్యాబేజీ మూడూ ఒకే కుటుంబానివి. వాటి పుప్పొడి నిజంగానే ఒకేలా వుంటుంది. అబ్బాయి కళ్లు సరిగ్గానే చూశాయి. తప్పంతా పైన రాసిన ఆ పెద్ద అక్షరాలదే. వేలిముద్ర అన్నది ఒక్క మనిషికే చెందుతుంది. ఆవ కుటుంబంలో పుప్పొడి అలాంటిది కాదు. అది ఇంటిపేరులాంటిది. ఫలానా వారి ఇంటివాడని చెబుతుంది గాని, అన్నో తమ్ముడో చెప్పదు.

(ఇంకొక్క మాట. క్యాబేజీ పూతకు రావాలంటే చాలా వారాల చలి కావాలి. మన ఎండలకు అది పూయదు. కాబట్టి ఆ ఆరో బొమ్మ ఏదో పుస్తకంలోంచి దిగివచ్చిందని నాకు తెలిసిపోయింది. అబ్బాయికి ఆ సంగతి చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.)

ఈ వేలిముద్ర మాట చాలా పుస్తకాలలో, చాలా అట్టలమీద కనిపిస్తోంది. దాన్ని మానుకోవాలన్నదే నా వాదన. ఎందుకో చెబుతాను. ముందు రేణువు సంగతి చూద్దాం.

ఆవ పుప్పొడి రేణువు వ్యాసం సుమారు 25 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అలాంటి రేణువులు నలభై వరుసగా పేరిస్తే ఒక్క మిల్లీమీటరు పొడవు అవుతుంది. మందార రేణువు దీనికి నాలుగైదు రెట్లు పెద్దది. అందుకే మందార పుప్పొడి వేలికంటితే గింజలు గింజలుగా కనబడుతుంది, ఆవ పుప్పొడి పసుపు మరకలా అంటుకుంటుంది. రేణువు చుట్టూ గట్టి పైపొర వుంటుంది. అది స్పోరోపొల్లెనిన్ అనే పదార్థంతో తయారవుతుంది. చాలా ఆమ్లాలకు లొంగదు, మట్టిలో పడితే వేల, లక్షల సంవత్సరాలు చెక్కుచెదరకుండా వుండగలదు. ఈ పైపొరమీది చెక్కడాన్నీ, దానిలోని దారులనూ చూసే శాస్త్రజ్ఞులు పుప్పొడిని గుర్తుపడతారు.

ఆవ రేణువు పైపొర చేపల వలలా అల్లినట్టుంటుంది. దానిమీద పై కొన నుండి కింది కొన దాకా మూడు చాళ్లు వుంటాయి. నాగలి చాళ్లు చూశారు గదా, అలాంటివే. రేణువు మొలకెత్తినప్పుడు పరాగనాళం ఈ చాళ్లలో ఒకదానిలోనుంచి బయటికి వస్తుంది. చాళ్లకు మరో పని కూడా వుంది. గాలికి రేణువు ఆరిపోయినప్పుడు అది చాళ్లవెంట లోపలికి ముడుచుకుంటుంది. తడి తగిలితే మళ్లీ ఉబ్బుతుంది.

ఈ ముడుపూ ఉబ్బూ తెలియక నేనొకసారి చీవాట్లు తిన్నాను. బడిలో చదువుకునే రోజుల్లో ఆవపూల పుప్పొడిని రెండుసార్లు చూసి రెండు బొమ్మలు వేశాను. పొడి స్లైడులో చూసింది గోధుమ గింజలా నిడుపుగా, మధ్యన గాడితో వుంది. నీటిచుక్క వేసి చూసింది గుండ్రంగా, మూడు పాయలుగా వుంది. మా మాస్టారు రెండూ చూసి, పుస్తకంలో బొమ్మతో పోల్చి, మొదటిదాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు. రెండూ నిజమేనని నాకు కాలేజీకి వెళ్లాక గాని తెలియలేదు. ఒకే రేణువు, ఒకే పూవు. తడి మారితే ఆకారం మారింది, అంతే. పుస్తకంలోని బొమ్మ ఒకటే కాబట్టి నిజం కూడా ఒకటే అనుకున్నారు మాస్టారు. ఆయనమీద నాకిప్పుడు కోపం లేదు. ఆ కొట్టివేత మాత్రం ఇంకా గుర్తుంది.

మీరూ చేసి చూడవచ్చు. మా మల్యాల చుట్టుపక్కల ఆవ పెద్ద పంటేమీ కాదు. వరి, మొక్కజొన్న, పసుపు, మామిడి తోటలు ఇక్కడ ఎక్కువ. అయినా ఆవమొక్క కోసం ఎక్కడికీ పోనక్కరలేదు. కార్తీకమాసంలో అమ్మనడిగి పోపులడబ్బాలోనుంచి చిటికెడు ఆవాలు తీసుకుని పెరట్లో చల్లండి. నెలన్నర అటూ ఇటూ కాగానే పసుపు పూలు వస్తాయి. ముల్లంగి దుంపనొకదాన్ని పీకకుండా వదిలేస్తే అదీ పూస్తుంది, తెల్లగానో లేత ఊదాగానో.

ముందు కంటితోనే చూడండి. నాలుగు రక్షకపత్రాలు, నాలుగు ఆకర్షణపత్రాలు. పత్రాలు కూడలిలో నాలుగు దారుల్లా ఎదురెదురుగా వుంటాయి. కేసరాలు ఆరు. వాటిలో నాలుగు పొడవు, రెండు పొట్టి. ఈ నాలుగూ రెండూ లెక్క ఆవ కుటుంబానికి మంచి గుర్తు. దీనికి ఏ కటకమూ అక్కరలేదు. తరువాత ఒక పరాగకోశాన్ని స్లైడుమీద తట్టి పొడిగా చూడండి. ఇంకో స్లైడుమీద చుక్క గ్లిజరిన్, సూదిమొన అంత సాఫ్రనిన్ రంగు వేసి చూడండి. ఉత్త నీళ్లలో కొన్ని రేణువులు పగిలిపోతాయి, కంగారుపడకండి. సూక్ష్మదర్శినిలో మొదట వందరెట్లు, తరువాత నాలుగువందల రెట్లు పెంచుకుని, సన్న మరను ఒక్క పిసరు ముందుకూ వెనక్కూ తిప్పుతూ వుంటే వల కళ్లు మెరుస్తూ, మాయమవుతూ వుంటాయి. పరిశోధనశాలల్లో రేణువులను ఘాటైన ఆమ్లాలలో వేడిచేసి శుభ్రం చేసే పద్ధతి ఒకటి వుంది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు గున్నార్ ఎర్డ్‌ట్‌మన్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అది బడిలో చేసే పని కాదు. చేయకండి.

ఇప్పుడు ఆవ, ముల్లంగి స్లైడులు పక్కపక్కన పెట్టండి. మూడు చాళ్లు, వలగోడ. మూడు చాళ్లు, వలగోడ. ప్రపంచంలో ఈ కుటుంబానికి దాదాపు 4,000 జాతులు వున్నాయి. వాటిలో అత్యధిక భాగం ఇదే కథ. వల కళ్లు కొన్నిటిలో కాస్త పెద్దవి, కొన్నిటిలో సన్నవి. రేణువు ఒకదానిలో రెండు మైక్రాన్లు ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఈ తేడాలను కొలిచి జాతులను విడదీయాలని చాలామంది ప్రయత్నించారు. కొన్నిచోట్ల ఫలితం దొరికింది. అయితే ఒకే మొక్కలోని రేణువులమధ్యనే తేడాలు వున్నప్పుడు, పది రేణువులు కొలిచి పేరు పెట్టేయడం సాహసమే.

ఒకేలా వుండటం ఆవ కుటుంబానికే వచ్చిన జబ్బు కాదు. గడ్డి కుటుంబం చూడండి. వరి, మొక్కజొన్న, గట్టుమీది గరిక అన్నిటికీ నున్నటి రేణువు, ఒకటే రంధ్రం. మొక్కజొన్నది పెద్దది కాబట్టి దొరికిపోతుంది. జగిత్యాల పక్కన పొలాసలోని వ్యవసాయ పరిశోధనా స్థానంలో పుట్టిన "జగిత్యాల సన్నాలు" రకాన్ని పక్కమడిలోని మరో వరి రకంనుండి పుప్పొడిని చూసి విడదీయమంటే ఎవరూ విడదీయలేరు. అలా అని గడ్డి పుప్పొడి పనికిరానిదని ఎవరైనా అన్నారా?

ఇంటిపేరు తెలిసినంత మాత్రాన పెద్ద ఉపయోగమేమిటని మీరు అడగవచ్చు. వుంది. మన చేలగట్లమీదే ఒక ఉదాహరణ దొరుకుతుంది.

వానాకాలంలో మల్యాలనుండి కొండగట్టు వైపు నడుస్తూ గట్లమీద చూడండి. వామింట కనబడుతుంది. వాయింట అని కూడా అంటారు, లేత ఆకు కూర వండుతారు. దాని పక్కనే పసుపు పూల కుక్కవామింట, ముట్టుకుంటే జిగట. రెండిటికీ నాలుగేసి ఆకర్షణపత్రాలు. ఆవకాయల్లాగే సన్నటి పొడవాటి కాయలు. కొన్ని ప్రాంతాలలో కుక్కవామింట గింజలను ఆవాలకు బదులు వాడతారు కూడా. వామింటకు కేసరాలు సరిగ్గా ఆరే! నాలుగు రేకులు, ఆరు కేసరాలు అని బట్టీపట్టినవాడు దాన్ని ఆవ కుటుంబంలో వేసేస్తాడు. జాగ్రత్తగా చూసినవాడు ఆ ఆరింటిలో పొడవు, పొట్టి తేడా లేదని గమనిస్తాడు. ఆకు కూడా అరచేయి వేళ్లలా చీలి వుంటుంది. పుప్పొడిని అడిగితే అదీ ఇదే మాట చెబుతుంది. వామింట రేణువుకూ చాళ్లు మూడే గాని, ప్రతి చాలు నడుమా ఒక రంధ్రం వుంటుంది. ఆవ రేణువు చాలులో ఆ రంధ్రం లేదు.

అంటే ఒకే వీధిలో వుండే రెండు ఇళ్లన్నమాట. ఎంత దగ్గరివంటే, వాటిని విడివిడిగా వుంచాలా కలపాలా అన్నది శాస్త్రజ్ఞులకే తేలలేదు. పాత పుస్తకాలలో వామింట కప్పారిడేసీ కుటుంబంలో వుండేది. 1998లో పూలమొక్కల వంశక్రమాన్ని డి.ఎన్.ఎ. ఆధారంగా సవరించిన అంతర్జాతీయ బృందం దాన్ని ఆవ కుటుంబంలోనే కలిపేసింది. అదే బృందం 2009లో మళ్లీ విడదీసి, వామింటకు క్లియోమేసీ అనే వేరు కుటుంబాన్ని ఒప్పుకుంది. అన్ని కుటుంబాలలోనూ ఆవకు అతిదగ్గరి చుట్టం మాత్రం వామింట కుటుంబమేనని డి.ఎన్.ఎ. చెప్పింది. మా మల్యాల 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లా, ఆ తరువాత జగిత్యాల జిల్లా. ఊరు ఎక్కడికీ పోలేదు, చిరునామా మారింది. వామింట సంగతీ అటువంటిదే. కుటుంబాల పేర్లు ఎన్నిసార్లు మారినా ఆ చాలు నడుమ రంధ్రం అక్కడే వుంది.

ఆవ కుటుంబం లోపల కూడా పుప్పొడి ఒక్కోసారి గొప్ప సాక్ష్యం చెబుతుంది. ఉత్తర అమెరికాలో ఫైసేరియా, లెస్క్వెరెల్లా అని రెండు ప్రజాతులు వుండేవి. కాయల ఆకారం వేరు కనుక వేరువేరు ప్రజాతులన్నారు. కాని వాటి పుప్పొడిలో మూడు కాదు, అంతకన్నా ఎక్కువ చాళ్లు వున్నాయి! వేల జాతులు మూడు చాళ్లతో సరిపెట్టుకుంటే, ఈ కొద్దిమంది మాత్రం నాలుగూ, అయిదూ, ఇంకా పైకి పోయారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ కుటుంబాన్ని దశాబ్దాలపాటు చదివిన రీడ్ రోలిన్స్, బెనర్జీ అనే సహచరుడితో కలిసి, 1979లో ఆవ కుటుంబపు పుప్పొడిమీద అధ్యయనం ప్రచురించాడు. ఆ తరువాత డి.ఎన్.ఎ. పరీక్షలు వచ్చాయి. 2002లో అల్-షెబాజ్, ఓకేన్ అనే శాస్త్రజ్ఞులు లెస్క్వెరెల్లాలోని జాతులను దాదాపు అన్నిటినీ ఫైసేరియాలో కలిపేశారు. కాయ తప్పుదోవ పట్టించినచోట పుప్పొడి సరైన దారి చూపింది.

గమనించారా? ఆ నాలుగైదు చాళ్లకు అంత విలువ ఎందుకు వచ్చింది? మిగిలినవారందరికీ మూడే వున్నాయి కనుక. "అన్నీ ఒకేలా వున్నాయి" అన్న ఆ అబ్బాయి మాట లేకపోతే "ఇవి మాత్రం వేరు" అన్న మాటకు అర్థమే లేదు.

మరి పుప్పొడికి చేతకాని పని? అదీ ఆవ దగ్గరే వుంది. మన పోపులో వేసే ఆవ, నిజానికి రెండు జాతుల కలయికతో పుట్టింది. నల్ల ఆవ ఒక పక్క, టర్నిప్ జాతి ఇంకో పక్క. టర్నిప్ జాతి బీజకణంలో 10 క్రోమోసోములు, నల్ల ఆవలో 8, మన ఆవలో 18. పదీ ఎనిమిదీ పద్దెనిమిది! ఈ లెక్కను, దీనితోపాటు క్యాబేజీకి వున్న సంబంధాన్నీ కలిపి ఒక త్రిభుజంగా గీసి 1935లో ప్రకటించినవాడు నగహారు ఊ. తండ్రి కొరియావాడు, చదువూ తొలి పరిశోధనా జపానులో. ఈ జాతుల పుప్పొడి రేణువులను ఎంతసేపు తిప్పితిప్పి చూసినా ఈ బంధుత్వం బయటపడేది కాదు. విచిత్రం ఏమిటంటే, అతను ఆ క్రోమోసోములను లెక్కపెట్టింది కూడా మొగ్గలోని పరాగకోశంలోనే, పుప్పొడి ఇంకా తయారుకాకముందు దాని తల్లికణాలలో.

కాబట్టి ప్రశ్ననుబట్టి సాక్షిని పిలవాలి. 1998లో ఢిల్లీలో ఆవనూనె వాడినవాళ్లకు కాళ్లు వాచి, గుండె దెబ్బతిని, 60 మందికి పైగా చనిపోయారు. నూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసింది. ముళ్ల ఆకులు, పసుపు పూలు, తుంచితే పచ్చటి పాలు కారే ఆ మొక్క మన బీళ్లలోనూ వుంది. దాని గింజ అచ్చం ఆవగింజలా వుంటుంది. అక్కడ నూనెలో పుప్పొడి కోసం వెతికి లాభం లేదు, రసాయన పరీక్షే దిక్కు. అదే తేనె అనుకోండి. తేనెలో ఆకూ వుండదు, పూవూ వుండదు, కాయా వుండదు. వుండేది పుప్పొడి ఒక్కటే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సి.జి.కె. రామానుజం అనే వృక్షశాస్త్రజ్ఞుడు మొదట నైవేలీ లిగ్నైటు బొగ్గులోని శిలాజ పుప్పొడిని చదివాడు. ఆ తరువాత తన శిష్యులతో కలిసి ఆనాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల తేనెలలో ఏ ఏ మొక్కల పుప్పొడి వుందో వెతికాడు. తేనెటీగలు ఎక్కడ మేశాయో, ఏ పూలను నమ్ముకుని పెట్టెలు పెట్టవచ్చో తెలిసేది అలాగే. తేనెను పరీక్షించేవాళ్లు వలగోడ, మూడు చాళ్ల రేణువు కనబడగానే "ఇది ఆవ" అని రాయరు. "ఆవ తరహా" అని రాస్తారు. ఆ "తరహా" అన్న మాటంటే నాకు చాలా గౌరవం. మన అట్టలమీద రాయవలసింది అదే.

ఇంకా నిజం చెప్పాలంటే, ఊరూ పేరూ లేని ఒక్క రేణువును నా ముందు పెట్టి, ఇది ఆవ కుటుంబమేనని ఒట్టు వేయమంటే వేయను. మల్లె కుటుంబంలోనూ వలగోడల రేణువులు వున్నాయి. ఒకే ఇంటిపేరు సంబంధంలేని రెండు కుటుంబాలకు వుండటం మనం చూడలేదా?

ఇక బీరువాల సంగతి. చాలా బడులలో సూక్ష్మదర్శిని వుంటుంది. బీరువాలో వుంటుంది. తాళంచెవి ఒకరి దగ్గర వుంటుంది, వారు ఆ రోజు సెలవులో వుంటారు. పిల్లలు కటకం పగలగొడతారని భయం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను, కటకం ఖరీదైనదే. కాని వానాకాలంలో మూసిన బీరువాలో తేమకు కటకంమీద బూజు పడుతుంది. వాడి పగిలినవి ఎన్నో, వాడక బూజుపట్టినవి ఎన్నో ఎవరైనా లెక్క తీస్తే బాగుండును. రెండోవే ఎక్కువని నా అనుమానం. సూక్ష్మదర్శిని బయటికి రానంతకాలం పిల్లలు పుస్తకం బొమ్మలనే గీస్తారు. పుస్తకం బొమ్మ కింద ఎప్పుడూ పేరు వుంటుంది. చెప్పలేకపోవడం ఎలా వుంటుందో వాళ్లకు ఎన్నడూ తెలియదు.

అందుకని మల్యాల పిల్లలకూ, పక్కన జగిత్యాల, కోరుట్ల పిల్లలకూ ఒక పోటీ సూచిస్తున్నాను. ఈ చలికాలం ఒక బడివాళ్లు ఆవ, ముల్లంగి, వామింట, కుక్కవామింట పూల పుప్పొడితో పన్నెండు స్లైడులు తయారుచేయండి, ఒక్కొక్కదానికి మూడు. వామింట పూలు వానాకాలంలోనే కోసి, ఆరబెట్టి, కాగితం పొట్లాలలో దాచుకోండి, పుప్పొడి పాడవదు. అన్నిటికీ ఒకే గ్లిజరిన్, ఒకే రంగు వాడండి. స్లైడుమీద అంకె తప్ప పేరు వేయకండి. ఏ అంకె ఏ మొక్కో ఒక కాగితంమీద రాసి కవరులో పెట్టి అంటించండి. రెండో బడివాళ్లు ఒక్కొక్క స్లైడులో కనీసం యాభై రేణువులు చూసి, "ఆవ తరహా", "వామింట తరహా", "చెప్పలేం" అనే మూడు గడులలో ఒకదానిలో గుర్తు పెట్టాలి. "చెప్పలేం" అన్నందుకు మార్కులు తగ్గించకూడదు. తెలియకుండా పేరు రాసినందుకు తగ్గించాలి. ఆ తరువాత ఇద్దరూ కలిసి కవరు విప్పండి.